కాపలా గడియారం

ల్యాబ్, మూడో అంతస్తు,
జూన్ 4.

వదినా,

ఈ ఉత్తరం నువ్వు పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్ అడ్రసుకి రాస్తున్నాను. ఇంటికి రాస్తే కవరు మీద నా చేతిరాత చూసి అన్నయ్య విప్పకుండానే చింపేస్తాడు. ఫోన్ చేద్దామంటే, ఇంట్లో ఉన్నంతసేపూ నీ ఫోను కూడా తనే ఎత్తుతాడాయె, సెంటర్‌లో ఉంటే క్లాసుల మధ్య నువ్వు ఎత్తవు. తను నాతో మాట్లాడి మూడేళ్ళు దాటింది. నేను ఈ కంపెనీలో చేరానని తెలిసిన రోజున "నన్ను ముంచినవాళ్ళ గుమ్మమే దొరికిందా నీకు" అన్నాడు చూడు, అదే ఆఖరి మాట. ఈ ఉద్యోగం ఇప్పించింది నువ్వేనని తనతో చెప్పొద్దన్నావు. చెప్పలేదు.

అవసరం పడితే గానీ వదిన గుర్తుకు రాలేదా అని దెప్పుతావు. దెప్పు. అవసరమే పడింది.

నీ రోజుల్లో తయారైన లిఫ్టు కంట్రోల్ బోర్డుని నడిపే మూల ప్రోగ్రాము, ఆ కెర్నెల్‌ని మళ్ళీ కట్టే పని నా నెత్తిన పడింది. పాత నెట్‌వర్క్ చిప్ ఇక దొరకదట. కొత్తది వేస్తున్నారు, దాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రాము చేర్చాలి. నువ్వు నిలబెట్టిన బిల్డ్ సిస్టమే ఇప్పటికీ నడుస్తోంది. పదకొండు లేయర్లు, ఉల్లిపాయ పొరల్లా. నువ్వు వెళ్ళాక దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. "మీ వదిన కట్టిన కోట, నువ్వే దూరు" అన్నాడు మేనేజరు. ఆయన నీకు తెలిసినవాడే. అప్పుడు సగం బట్టతల, ఇప్పుడు పూర్తి.

డ్రైవరుతో పాటు వాచ్‌డాగ్ కూడా ఆన్ చేయమన్నాడు. నేను చేరిన కొత్తలో నువ్వే ఫోన్లో చెప్పావు, గుర్తుందా? అది చిప్ లోపల ఉండే కాపలా గడియారం అనీ, ప్రోగ్రాము కొన్ని సెకన్లకోసారి వెళ్ళి దాన్ని తట్టిరావాలనీ, తట్టకపోతే ప్రోగ్రాము మూర్ఛపోయిందని తెలుసుకుని బోర్డు మొత్తాన్ని అదే మళ్ళీ లేపుతుందనీ. అంత అవసరమైనది ఇన్నాళ్ళూ ఎందుకు ఆపి ఉందో తెలియదు. సరే, కెర్నెల్ మెనూ తెరిచి రెండూ ఆన్ చేశాను, సేవ్ చేశాను, అంతా శుభ్రం చేసి మొదటి నుంచి బిల్డ్ పెట్టాను. ఉదయం పెడితే సాయంత్రానికి అయింది. చూస్తే రెండూ ఆఫ్‌లోనే ఉన్నాయి. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ కుక్క తోక వంకరే.

ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పు. అన్నయ్య ఎలా ఉన్నాడో కూడా.

నీ పొట్టి.


కంప్యూటర్ సెంటర్, స్టాఫ్ గది,
జూన్ 11.

పొట్టీ,

దెప్పడానికి నాకూ మొహం లేదులే. నేను మాత్రం ఏం రాశాను గనక. మీ అన్నయ్య పెట్టిన ముద్దుపేరుతో నిన్ను పిలిచేది ఇప్పుడు నేనొక్కదాన్నే అనుకుంటా. ఆయన నోట ఆ పేరు రాదు, ఎవరైనా ఎత్తినా లేచి వెళ్ళిపోతారు.

నీ తప్పు చిన్నది. మెనూలో మార్చినదంతా బిల్డ్ జరిగే తాత్కాలిక డైరెక్టరీలో ఉంటుంది. నువ్వే శుభ్రం చేశావు కదా, దాంతోపాటు అదీ తుడిచిపెట్టుకుపోయింది. ముగ్గు వేసి నువ్వే నీళ్ళు చల్లుకున్నట్టు. మెనూలో మార్చాక, ఏమేం మారాయో ఆ వరుసలు మాత్రం ఒక చిన్న ఫైలుగా తీసుకో. దాన్ని మన లేయర్లో పెట్టు. కెర్నెల్‌ని ఎలా కట్టాలో చెప్పే రెసిపీకి మనం తగిలించిన తోక ఫైలు ఒకటి ఉంటుంది, అందులో ఈ చిన్న ఫైలు పేరు రాయి. అప్పుడు ఎన్నిసార్లు కడిగినా పోదు. ఎవరు వచ్చి కట్టినా నీ మార్పు వస్తుంది.

ఒక్క మాట మాత్రం విను. రెండు మార్పులు ఒకేసారి చేయకు. ఏది చెడగొట్టిందో తెలియక తల పట్టుకుంటావు. ముందు నెట్‌వర్క్ డ్రైవరు ముగించు. వాచ్‌డాగ్ సంగతి వదిలెయ్. ఆ బోర్డు ఇన్నేళ్ళూ అది లేకుండానే నడిచింది, ఇకముందూ నడుస్తుంది. మేనేజరు అడిగితే తర్వాతి విడతలో చూద్దామను.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. లిఫ్టు మెకానిక్ పని పోయాక కుట్టుమిషన్లు బాగుచేసే కొట్లో చేరారు. చేతి పనితనం ఎక్కడికి పోతుంది, చుట్టుపక్కల దర్జీలంతా ఆయన కోసమే వస్తారు. టీ తాగుతూ ఒక్కోసారి బల్ల మీద వేళ్ళు ఒకటొకటిగా ఆనిస్తుంటారు. బ్రేకు, తాడు, తలుపు గొళ్ళెం, గేటు, ఇలా పన్నెండు. ఆ నెల ఆసుపత్రి లిఫ్టుకి చేసిన తనిఖీలు. ఏ ఒక్కటి సరిగా చేయలేదో అని ఆరేళ్ళుగా వెతుక్కుంటున్నారు. నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోతాను.

నీ వదిన.


ల్యాబ్, మూడో అంతస్తు,
జూన్ 25.

వదినా,

నువ్వు చెప్పినట్టే చేశాను. నెట్‌వర్క్ డ్రైవరు మొదటి దెబ్బకే వచ్చింది. మేనేజరు స్వయంగా వచ్చి భుజం తట్టాడు.

నువ్వు వద్దన్నా వాచ్‌డాగ్ వరుస కూడా అదే ఫైల్లో రాశాను, తిట్టకు. అది మాత్రం రాలేదు. బల్ల మీద బోర్డు పెట్టి, ప్రోగ్రామును కావాలని చంపి చూశాను. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. బటన్ నొక్కితే పలకదు, తలుపు తెరవమంటే తెరవదు. అలారం కూడా మోగలేదు, అదీ ఈ బోర్డు గుండానే పోతుంది కదా. అరగంట కూర్చున్నాను. దానంతట అది లేవలేదు. పవర్ తీసి మళ్ళీ పెట్టగానే ఏమీ జరగనట్టు నడిచింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో జరిగింది అచ్చం ఇదే.

నాకంటే నీకే ఎక్కువ తెలుసు, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. అక్కడ రోగిగా చేరిన ఆ డ్రాయింగ్ మాస్టారిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి లిఫ్టు ఎక్కించారు. రెండు అంతస్తుల మధ్య అది నిలిచిపోయింది. లోపలున్న నర్సు అలారం నొక్కితే మోగలేదని, తలుపు బాదుతూ ఉండిపోయానని చెప్పింది. ఊరి ఆ చివర ఇంకో బిల్డింగులో ఉన్న అన్నయ్యకు కబురు వెళ్ళి, తను పరుగెత్తుకొచ్చి చేత్తో చక్రం తిప్పి లిఫ్టును దించేసరికి నలభై ఏడు నిమిషాలు. మాస్టారికి పెట్టిన ఆక్సిజన్ సిలిండరు అప్పటికే అయిపోయింది, ఆయన దక్కలేదు. మర్నాడు విచారణ వాళ్ళు వచ్చి పవర్ తీసి మళ్ళీ పెట్టారు, బోర్డు చక్కగా నడిచింది. యంత్రంలో లోపం లేదు, మెకానిక్ నిర్వహణలో అలసత్వం అని రాసేశారు. అన్నయ్య లైసెన్సు పోయింది.

లోపం ఉంది వదినా. కాపలా గడియారం ఆన్‌లో ఉండి ఉంటే ఆ బోర్డు ఒక్క నిమిషంలో లేచేది. అన్నయ్య పన్నెండు తనిఖీలూ సరిగానే చేశాడు. పదమూడోది తన చేతిలో లేనిది.

మేనేజరుని అడిగాను, ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు ఆన్ చేయమంటున్నారని. మొన్న ఫిబ్రవరిలో ఒక ఆఫీసు బిల్డింగులో ఇలాగే ఆగిందట, అదృష్టం బాగుండి లోపల ఎవరూ లేరట. మార్పుల పట్టికలో మాత్రం 'చిన్నచిన్న మెరుగుదలలు' అని రాయమన్నాడు.

బిల్డ్ చివర వెయ్యి వరుసల లాగ్‌లో ఒకే ఒక్క హెచ్చరిక ఉంది. వాచ్‌డాగ్ కావాలని అడిగారు, ఫలితంలో లేదు అని. అంటే నా ఫైలు తర్వాత ఇంకేదో లేయర్ వచ్చి దాన్ని మళ్ళీ ఆపేస్తోంది. అన్నిటికన్నా చివర చేరే లేయర్ ఎవరి చేతిలో ఉండేది? నీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క పేరు చెప్పు చాలు. అన్నయ్యకి ముందే చెప్పకు, రుజువుతో సహా వచ్చి నేనే చెప్తాను. గుమ్మంలో నిలబెట్టి తలుపు వేసినా సరే, కిటికీలోంచి చెప్తాను.

పొట్టి.


కంప్యూటర్ సెంటర్,
జూలై 3.

పొట్టీ,

ఉత్తరం అందింది. ఆరేళ్ళ కిందటి లేయర్లు నాకెలా గుర్తుంటాయి? అప్పుడు అందరం ఒకే ఖాతాతో పనిచేసేవాళ్ళం. ఎవరు ఏం మార్చారో దేవుడికే తెలియాలి.

మానుతున్న పుండును గోకకు. మీ అన్నయ్య ఇప్పుడిప్పుడే నలుగురిలో కూర్చుంటున్నారు. నువ్వు రుజువనుకునేది విచారణ వాళ్ళకి రుజువు కాకపోతే ఆ మనిషి రెండోసారి పడతారు, ఆ తర్వాత లేవరు. నీ ఉద్యోగమూ పోతుంది. మీ మేనేజరు నవ్వుతూనే గొంతు కోస్తాడు, నాకు తెలుసు.

చెప్పిన పని చేసి ఊరుకో. సెంటర్‌లో పరీక్షలు మొదలయ్యాయి, కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు.

వదిన.


ల్యాబ్, మూడో అంతస్తు,
జూలై 16.

వదినగారికి,

దొరికింది.

అన్నిటికన్నా చివర చేరే బోర్డు లేయర్లో, ఫైళ్ళన్నిటి అడుగున ఉంది. ఫైలు పేరు 'తాత్కాలికం'. లోపల ఒకే ఒక్క వరుస, వాచ్‌డాగ్ వద్దు అని. ఆసుపత్రికి లిఫ్టులు అప్పగించడానికి రెండు రోజుల ముందు తేదీ. డ్రాయింగ్ మాస్టారు పోవడానికి అయిదు నెలల ముందు.

మీరన్నట్టే పేరు అందరూ వాడే ఖాతాదే. కానీ మార్పు ఏ కంప్యూటరు నుంచి వచ్చిందో కూడా పక్కనే రాసి ఉంటుంది. ఆ సంగతి మీకు తెలియదనుకోను, మరిచిపోయి ఉంటారు. ఆ కంప్యూటరు పేరు 'పొట్టి'.

నేను కాలేజీలో ఉండగా ఒకసారి మిమ్మల్ని చూడ్డానికి ఈ ఆఫీసుకి వచ్చాను. మీ సీటు దగ్గరికి తీసుకెళ్ళి, "చూడు, నా కంప్యూటరుకి నీ పేరే పెట్టుకున్నాను, నీలాగే పొట్టిది, నీలాగే మొండిది" అన్నారు. ఆ నెలంతా ఆ మాట స్నేహితురాళ్ళకి చెప్పుకుని మురిసిపోయాను. మొన్న తెర మీద ఆ పేరు చూసి చాలాసేపు నా పేరేమిటి ఇక్కడ అనుకున్నాను. అర్థమయ్యాక తెర ఆపేశాను.

విచారణలో కంపెనీ తరఫున ఇద్దరు మాట్లాడారు. ఒకరు మేనేజరు, రెండోవారు మీరు. సాఫ్ట్‌వేర్ అన్ని పరీక్షలూ దాటిందని మీరు చెప్పారు. పక్క బెంచీలో అన్నయ్య కూర్చుని ఉన్నాడు. నేను వెనక వరుసలో ఉన్నాను. కన్నీళ్ళు ఆపుకుంటూ ఎంత నిబ్బరంగా మాట్లాడుతోంది మా వదిన అనుకున్నాను.

మొగుడి కోసం బంగారంలాంటి ఉద్యోగం వదిలేసిన ఇల్లాలని బంధువులంతా మిమ్మల్ని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. మూడేళ్ళ తర్వాత నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టింది మీరు. అది దాచమన్నదీ మీరే. నేను అన్నయ్యకు శత్రువునయ్యాను, మీరు దేవతగానే ఉన్నారు. ఏ ఫైలూ తెరవనని నమ్మి పెట్టారా నన్నిక్కడ? తెరిచినా నోరు విప్పననా?

టీ బల్ల మీద తను వేళ్ళు లెక్కపెడుతుంటే గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోతానని రాశారు. ఆ వాక్యం ఇప్పుడు మళ్ళీ చదివాను. ఎలా వెళ్ళగలిగారు?

నెలాఖరు దాకా ఆగుతాను. మీరు చెప్పండి. లేకపోతే నేను చెప్తాను.

మీ ఆడపడుచు.


కంప్యూటర్ సెంటర్, ఖాళీ క్లాసు గది,
జూలై 22.

పొట్టీ,

అలా పిలిచే హక్కు పోయిందని తెలుసు. వేరే పేరుతో నీకు రాయడం చేతకావడం లేదు.

అబద్ధం ఒకటి ముందు ఒప్పుకుంటాను. జూన్‌లో నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు ఆ ఫైలు గుర్తొచ్చింది. వాచ్‌డాగ్ వదిలెయ్యమన్నది నీ మేలు కోరి కాదు.

ఆ రెండు రోజుల సంగతి చెప్తాను. సాకు అనుకుంటే అనుకో. బోర్డు నలభై సెకన్లకోసారి దానంతట అదే తిరిగి లేస్తోంది. వాచ్‌డాగే దాన్ని లేపుతోందని తెలుసు, ఎందుకు లేపుతోందో అంతుబట్టలేదు. ఆసుపత్రి వాళ్ళు అప్పటికే రోగుల్ని కొత్త బ్లాకుకి మారుస్తామని చెప్పేశారు. మేనేజరు నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. "ఇప్పటికి ఆపెయ్యమ్మా, వచ్చే వారం తీరిగ్గా చూద్దాం" అన్నాడు. బోర్డును మొదట లేపే బూట్‌లోడర్లో ఒకచోట, కెర్నెల్లో ఒకచోట ఆపేశాను. మళ్ళీ తీయాలని గుర్తుండేందుకే ఆ ఫైలుకి తాత్కాలికం అని పేరు పెట్టాను. వచ్చే వారం ఇంకో ప్రాజెక్టు వచ్చింది. ఆ పై వారం ఇంకోటి. నాలుగైదుసార్లు గుర్తొచ్చింది కూడా. గుర్తొచ్చిన ప్రతిసారీ చేతిలో ఇంకేదో పని ఉంది.

మాస్టారు పోయిన సాయంత్రం మీ అన్నయ్య ఇంటికొచ్చి గ్రీజు చేతులతోనే గోడకి ఆనుకుని కూలబడ్డారు. "బోర్డు వెలుగుతూనే ఉంది, పలకలేదు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయింది. ఆయన వీపు నిమురుతూ కూర్చున్నాను. చెప్పలేదు.

విచారణ గది బయట మాస్టారి భార్య మీ అన్నయ్యని ఆపింది. నువ్వప్పటికే లోపలికి వెళ్ళావు, వినలేదు. "రెంచి పట్టుకోవడం రానివాడివి ఆ పనికి ఎందుకొచ్చావు నాయనా" అంది. కేకలు వేయలేదు, మామూలుగానే అంది. మీ అన్నయ్య తల వంచుకున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాను. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. లోపలికి వెళ్ళి, అన్ని పరీక్షలూ దాటిందని చెప్పి వచ్చాను. నిజంగానే దాటింది, ఆ పరీక్షల్లో ప్రోగ్రామును చంపి చూసే పరీక్ష లేదు మరి. ఆ గదిలో ఆ సంగతి తెలిసింది ఇద్దరికే, మేనేజరుకీ నాకూ. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఉద్యోగం మానేసింది ఆయన కోసం కాదు. రోజూ ఆ బిల్డ్ సర్వర్ ముందు కూర్చోలేక. త్యాగం అని మీరంతా పేరు పెట్టారు, నేను కాదనలేదు. ఆయన ఇప్పటికీ ఎవరైనా వస్తే "మా ఆవిడ నాకోసం అన్నీ వదులుకుంది" అని పరిచయం చేస్తారు. నువ్వు ఒక్కసారి వచ్చి ఆ మాట పక్కన కూర్చుని విను పొట్టీ. శిక్ష వేయాలని ఉంటే అంతకన్నా వెయ్యలేవు.

నిన్ను అక్కడ ఎందుకు పెట్టానని అడిగావు. పరాయివాళ్ళు ఎవరూ ఆ ఫైలు తెరవకూడదని పెట్టానో, మనవాళ్ళెవరైనా తెరవాలని పెట్టానో నాకే తెలియదు. మొదటిదే అయి ఉంటుంది. నన్ను మరీ మంచిదాన్ని చేసుకోను.

చెప్తాను. నెలాఖరు దాకా అక్కర్లేదు.

వదిన.


ల్యాబ్, మూడో అంతస్తు,
ఆగస్టు 2.

వదినగారికి,

మీ ఉత్తరం చదివాను. ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆగాను. పని సంగతి రాస్తాను, అది తేలిక.

ఆ బోర్డు నలభై సెకన్లకోసారి ఎందుకు లేచేదో కనిపెట్టాను. మీరు వాచ్‌డాగ్ డ్రైవరుని కెర్నెల్‌లో కలపకుండా విడి మాడ్యూల్‌గా పెట్టారు. బోర్డు లేచేటప్పుడు ముందు మెమరీ కార్డు తనిఖీ జరుగుతుంది, ఆ కార్డు నత్తలాంటిది. అది ముగిశాక గానీ మాడ్యూల్ లోపలికి రాదు. అప్పటిదాకా గడియారాన్ని తట్టేవాళ్ళు లేరు. అందుకని అది బోర్డుని పడగొట్టి మళ్ళీ లేపేది. డ్రైవరుని కెర్నెల్‌లోనే కలిపేస్తే ప్రోగ్రాము వచ్చేదాకా కెర్నెలే తడుతుంది. కాన్ఫిగ్ ఫైల్లో విడిగా అని చెప్పే ఎమ్ అక్షరం తీసి, కలిపి అని చెప్పే వై పెట్టాను. అంతే. మీ తాత్కాలికం ఫైలు తీసేశాను, బూట్‌లోడర్లో ఆన్ చేశాను, మళ్ళీ కట్టాను. ప్రోగ్రామును ఇరవైసార్లు చంపాను, ఇరవైసార్లూ బోర్డు లేచింది. కారణం వెతకడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది.

మిమ్మల్ని పొడవడానికి రాయలేదు. కాదు, పొడవడానికే రాశాను. ఒక్క మధ్యాహ్నం, వదినా.

మార్పుల పట్టికలో జరిగింది జరిగినట్టు రాశాను. ఏ తేదీన ఆపారో, ఎవరు ఆపమన్నారో, ఎక్కడ ఎవరు పోయారో. మేనేజరు పిలిచి, "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, మీ ఇంటి పరువే కదా పోయేది" అన్నాడు. ఆ పేరా తీసేసి 'చిన్నచిన్న మెరుగుదలలు' అని తనే టైపు చేసుకున్నాడు. నేను అప్పటికే ఒక ప్రతిని విచారణ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మీ పేరు తీయలేదు. తీయాలా అని ఒక పూట ఆలోచించాను.

కొత్త కెర్నెల్ అన్ని లిఫ్టులకీ వెళ్తోంది, అది మాత్రం ఆపలేదు. నన్ను ల్యాబ్ నుంచి తీసేసి కింద రికార్డుల గదిలోకి మార్చారు. సోమవారం నుంచి అక్కడే. పాత డ్రాయింగులకు నంబర్లు వేసే పని.

అన్నయ్యకి చెప్పారా?

మీ ఆడపడుచు.


కంప్యూటర్ సెంటర్, స్టాఫ్ గది,
ఆగస్టు 19.

పొట్టీ,

చెప్పాను. జూలై ఆఖరి ఆదివారం చెప్పాను. ఆ తర్వాత జరిగినదంతా ఒక కొలిక్కి వస్తే రాద్దామని ఆగాను. కొలిక్కి రాలేదు, అయినా రాస్తున్నాను.

ఆయన ఇంటికి తెచ్చుకున్న ఒక మిషన్ విప్పి కూర్చున్నారు. ఎదురుగా కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాను. వాచ్‌డాగ్ అంటే ఏమిటని అడిగారు, చెప్పాను. ఆ వరుస ఎలా ఉంటుందని అడిగారు, కాగితం మీద రాసి ఇచ్చాను. చాలాసేపు చూశారు. తర్వాత నవ్వారు. నాకు భయం వేసింది.

"మూడు వారాల ముందు కూడా ఆగింది అది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఏది ఆగిందని అడిగాను.

"అదే లిఫ్టు. అప్పుడు లోపల ఎవరూ లేరు. దీపం వెలుగుతోంది, పలకడం లేదు. మెయిన్ స్విచ్ ఆపి మళ్ళీ వేశాను, నడిచింది. రిజిస్టర్లో రాస్తే రెండు రోజులు లిఫ్టు ఆపి పరీక్షలు చేయాలి. ఆసుపత్రివాళ్ళు గోల పెడతారు. రాయలేదు."

విచారణలో కూడా చెప్పలేదట. చెబితే జైలే అనుకున్నారట. రాసి ఉంటే ఆ రిజిస్టరు కాగితం నా బల్ల మీదికే వచ్చేది పొట్టీ. బోర్డు ఆగిందన్న కాగితం చూశాక కూడా ఊరుకునేదాన్నని అనుకోను. అనుకోను అని రాస్తున్నాను, ఏమో.

ఆరేళ్ళుగా ఇది ఎందుకు చెప్పలేదని అడిగాను. "నాకోసం ఉద్యోగం వదులుకుని వచ్చావు. మొగుడు నిర్దోషి అనుకుని వచ్చావు కదా. తెలిస్తే పోతావనుకున్నా" అన్నారు. ఆ మాటకి నేను ఏడుస్తానని ఎదురుచూశాను. ఏడుపు రాలేదు. ఆయన మిషన్ మళ్ళీ బిగించుకున్నారు, నేను వంట చేశాను, ఇద్దరం తిన్నాం. ఆ రోజు నుంచి మా మధ్య పోట్లాట కూడా లేదు. పోట్లాడాలంటే ఒకరిదైనా పైచెయ్యి ఉండాలి.

నీ ఉద్యోగం నా పనేనని కూడా చెప్పాను. నీకు ఫోన్ చేయమన్నాను. ఫోన్ చేతిలోకి తీసుకుని, "ఏ మొహం పెట్టుకుని చేయను దానికి" అని మళ్ళీ పెట్టేశారు. ఒకరోజు చేస్తారేమో. నేను హామీ ఇవ్వను.

నీ కాగితం చేరింది. విచారణ ఆఫీసు నుంచి మా ఇద్దరికీ, మీ మేనేజరుకీ పిలుపులు వచ్చాయి. వచ్చే నెల పదో తేదీ. మీ అన్నయ్య ఆ కాగితం చదివి, "అక్కడికన్నా ముందు ఇంకోచోట చెప్పాలి" అన్నారు. నేనూ అదే అనుకుంటున్నాను. మొన్న శనివారం పొద్దున్నే ఇద్దరం నువ్వున్న ఊరే వచ్చాం. నీకు తెలియజేయలేదు, ఏమనుకోకు.

మాస్టారి భార్య ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. తలుపు తనే తీసింది. మీ అన్నయ్యని చూడగానే గుర్తుపట్టింది. లోపలికి రమ్మంది, కుర్చీలు వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. గోడ నిండా మాస్టారు వేసిన పెన్సిల్ బొమ్మలు. ముందు నేను చెప్పాను. కెర్నెల్, వాచ్‌డాగ్ అని ఆవిడకేం చెప్తాం, ఆగిపోయిన యంత్రాన్ని తిరిగి లేపే కాపలా ఒకటి ఉండేది, అది నేను తీసేశానని చెప్పాను. తర్వాత మీ అన్నయ్య రిజిస్టరు సంగతి చెప్పారు. ఆవిడ కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"మీలో ఎవరు ముందే నోరు విప్పి ఉంటే ఆయన బతికేవారు?" అని అడిగింది.

ఇద్దరం ఒక్కసారే "నేను" అన్నాం.

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇన్నాళ్ళూ తిట్టుకోవడానికి నాకు ఒక్క మనిషి ఉండేవాడు. పొద్దున్నే లేచి తిట్టుకునేదాన్ని, రోజు గడిచేది" అంది. మంచినీళ్ళ గ్లాసులు మా చేతుల్లోంచి తీసుకుంది. "పదో తేదీన నేనూ వస్తాను. అక్కడ మళ్ళీ ఇదే చెప్పండి. ఇక వెళ్ళండి" అంది.

తిరుగు బస్సులో సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఆయన వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను.

వదిన.